వార్తకు కాపలా, వినోదానికి బార్లా తెరిచిన తలుపు: ప్రపంచ మీడియా సంస్థ మన ఇంటి దాకా వచ్చిన దారి

చిక్కడపల్లి_చదువరి (చర్చ ప్రారంభించినవారు)
ఆదివారం, ఉదయం 7:40

మిత్రులకు నమస్కారం. ఒక తెలుగు దినపత్రికలో ముప్పయ్యేళ్ళకు పైగా ఉపసంపాదకునిగా పనిచేసి, ఆరేళ్ళ కిందట విరమించాను. అంతర్జాతీయ వార్తల పేజీ చాలాకాలం నా చేతుల మీదుగానే అచ్చుకు వెళ్ళేది కాబట్టి, రూపర్ట్ మర్డోక్ పేరును ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఎక్కడో లండన్‌లో, న్యూయార్క్‌లో పత్రికలు కొనే ఒక ధనవంతుని కబురుగానే రాశాను తప్ప, అది మా ఇంటి సంగతి అవుతుందని ఆ రోజుల్లో అనుకోలేదు.

మొన్న కేబుల్ బిల్లు కట్టేటప్పుడు, మొదటిసారి దాన్ని పై నుండి కింది దాకా చదివాను. మా ఆవిడ సాయంత్రం దీపం పెట్టాక చూసే ధారావాహికల ఛానల్, మనుమడి క్రికెట్ ఛానల్, మనుమరాలి కార్టూన్ ఛానల్, ఈ మూడూ జియోస్టార్ అనే ఒకే సంస్థవి. కోడలు ఫోన్‌లో సినిమాలు చూసే యాప్ బిల్లులో లేదు గాని, అదీ ఆ సంస్థదే. పేర్లు వేరు, గుర్తులు వేరు, రంగులు వేరు, యజమాని ఒక్కరే.

ఆ సంస్థ మన దాకా వచ్చిన దారి మర్డోక్‌తోనే మొదలవుతుంది, నాకు తెలిసినంత వరకు రాస్తాను. 1952లో తండ్రి చనిపోయినప్పుడు మర్డోక్ చేతికి ప్రధానంగా వచ్చింది ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరపు సాయంకాల పత్రిక ఒకటి. అక్కడి నుండి 1964లో 'ది ఆస్ట్రేలియన్' అనే జాతీయ దినపత్రిక పెట్టారు. 1969లో లండన్‌లో 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్', 'సన్' పత్రికలను, 1976లో 'న్యూయార్క్ పోస్ట్'ను, 1981లో 'టైమ్స్'ను కొన్నారు. అమెరికాలో టీవీ కేంద్రాలు విదేశీయుల చేతిలో ఉండటానికి అప్పట్లో అక్కడి చట్టం ఒప్పుకునేది కాదు కాబట్టి, 1985లో ఆయన ఆ దేశ పౌరసత్వమే తీసుకున్నారు. వ్యాపారానికి అడ్డువచ్చిన చట్టాన్ని మార్చలేనప్పుడు తన పౌరసత్వాన్నే మార్చుకున్న మనిషి ఆయన. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తక్కిన కథంతా సులభంగా బోధపడుతుందని నా అభిప్రాయం.

1993లో హాంకాంగ్‌లోని స్టార్ టీవీలో 63 శాతానికి పైగా వాటాను 52.5 కోట్ల డాలర్లకు కొని, ఆయన ఆసియా ఆకాశంలోకి వచ్చారు. 2015లో స్టార్ ఇండియా మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మా టీవీ ప్రసార వ్యాపారాన్ని కొన్నది. 2019 మార్చిలో స్టార్‌తో సహా మర్డోక్ సంస్థ ట్వెంటీఫస్ట్ సెంచరీ ఫాక్స్ ఆస్తుల్లో చాలా భాగం 7,130 కోట్ల డాలర్ల బేరంలో డిస్నీ పరమైంది. 2024 నవంబరులో డిస్నీ భారత వ్యాపారం రిలయన్స్‌కు చెందిన వయాకామ్18తో కలిసి జియోస్టార్ అయింది. అంటే పదేళ్ళు తిరగకుండా మా ఇంటి సాయంత్రం నాలుగు చేతులు మారింది, ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియలేదు.

విదేశీ యాజమాన్యం విషయంలో మన ప్రభుత్వాలు వార్తకు గట్టి కాపలా పెట్టాయి, వినోదానికి, క్రీడలకు మాత్రం తలుపు బార్లా తెరిచాయి. మనిషి ఆలోచనను మలిచేది వార్త ఒక్కటే అన్న నమ్మకం దీని వెనుక ఉన్నది. ఆ నమ్మకం సరైనదేనా అన్నది నా ప్రశ్న. ఈ వేదికలో రకరకాల పనుల్లో ఉన్నవారున్నారు, దయచేసి మీ అనుభవం రాయండి.

---

నారాయణగూడ_న్యాయవాది
ఆదివారం, ఉదయం 9:05

చదువరి గారూ, చట్టం వైపు నుండి కొంత చేరుస్తాను. మన దేశంలో పత్రికల్లో విదేశీ యాజమాన్యం వద్దని 1955లోనే కేంద్ర మంత్రివర్గం తీర్మానించింది. దాదాపు అర్ధశతాబ్దం ఆ మాట నిలిచింది. 2002లో వార్తాపత్రికల్లో 26 శాతం వరకు విదేశీ పెట్టుబడికి అనుమతించారు. 2003లో వార్తా ఛానళ్ళకూ 26 శాతం హద్దు పెట్టారు. 2015లో ఛానళ్ళకు అది 49 శాతమైంది. వార్తలు లేని ఛానళ్ళకు మాత్రం నూటికి నూరు శాతం విదేశీ యాజమాన్యం చెల్లుతుంది.

ఈ తేడా కాగితం మీది తేడా కాదు, దాని ఫలితం కళ్ళారా చూశాం. 2003 నాటి హద్దు వచ్చాక స్టార్ న్యూస్‌ను నడపడానికి ఆనందబజార్ పత్రిక (ఏబీపీ) సంస్థకు 74 శాతం, స్టార్‌కు 26 శాతం వాటాతో వేరే కంపెనీ పెట్టవలసి వచ్చింది. చివరికి 2012లో స్టార్ ఆ పొత్తు నుండి తప్పుకొని తన పేరును వెనక్కి తీసుకుంటే, ఆ ఛానల్ ఏబీపీ న్యూస్ అయింది. ప్రపంచంలో పెద్ద పెద్ద ప్రధానమంత్రులు పలకరించడానికి వెళ్ళిన మర్డోక్, మన దేశంలో వార్తల వ్యాపారాన్ని వదులుకోవలసి వచ్చిందంటే ఆ కాపలా పనిచేసినట్టే. అయితే ఆయన వదులుకున్నది చిన్న ముక్క, మిగుల్చుకున్నది పెద్ద ముక్క అన్నది మీ వాదనగా నాకు అర్థమైంది. దానితో నేనూ ఏకీభవిస్తాను.

ఇంకొక విషయం. 1993లో హీరో కప్ క్రికెట్ ప్రసార హక్కులను బెంగాల్ క్రికెట్ సంఘం ఒక విదేశీ సంస్థకు అమ్మినప్పుడు దూరదర్శన్‌తో తగాదా వచ్చి సుప్రీంకోర్టుకు ఎక్కింది. 1995 ఫిబ్రవరిలో వచ్చిన ఆ తీర్పు, వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చిచెప్పింది. ధర్మాసనంలోని ముగ్గురిలో ఒకరు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో అంతకుముందు న్యాయమూర్తిగా ఉన్న బి.పి. జీవన్ రెడ్డి గారు. తరంగాలు ప్రభుత్వ గుత్త సొత్తు కాకూడదని చెబుతూనే, అవి ప్రైవేటు గుత్తాధిపత్యానికీ పోకూడదని ఆయన హెచ్చరించారు. మొదటి సగాన్ని దేశం పట్టుకుంది. రెండో సగాన్ని మనం వదిలేశామని నాకు అనిపిస్తుంది.

---

కేబుల్_ఉప్పుగూడ
ఆదివారం, మధ్యాహ్నం 1:30

అందరికీ నమస్కారం. నేను 1993 నుండి ఉప్పుగూడలో కేబుల్ నడుపుతున్నాను. వ్యాసాలు రాసే అలవాటు లేదు, కాని ఈ సంగతి మా పొట్టతో ముడిపడింది కాబట్టి రాస్తున్నాను.

మొదట్లో మా మేడ మీద పెద్ద డిష్, కింద గదిలో ఛానల్‌కు ఒక రిసీవర్, ఒక మాడ్యులేటర్, పక్కన సినిమాలు వేయడానికి రెండు వీసీఆర్‌లు ఉండేవి. ఆసియాశాట్ ఉపగ్రహం నుండి స్టార్ ప్లస్, బీబీసీ, ప్రైమ్ స్పోర్ట్స్, జీ వచ్చేవి. అప్పుడు వాటికి మేము పైసా కట్టేది లేదు. ఏ ఛానల్ ముందు రావాలి, ఏది చివరకు పోవాలి అన్నది మేమే నిర్ణయించేవాళ్ళం. వీధిలో ఎవరింట్లో ఏం చూస్తారో మాకు తెలిసేది. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక మా బస్తీలో తెలుగు ఇళ్ళ కనెక్షన్లు బాగా పెరిగాయి.

తరువాత ఛానళ్ళు పే ఛానళ్ళయ్యాయి. 2013 మార్చి నెలాఖరుకు హైదరాబాద్‌లో సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి చేశారు. అప్పటి నుండి ప్రతి ఇల్లూ ఒక సంఖ్య అయింది. ఆ సంఖ్య మా పుస్తకంలో కాకుండా పైన ఉన్న పెద్ద పంపిణీ సంస్థ కంప్యూటర్‌లో ఉంటుంది. మేము లెక్క తక్కువ చూపేవాళ్ళమని మా మీద ఉన్న నింద అబద్ధం కాదు, ఒప్పుకుంటాను. కాని లెక్క సరిచేసే పేరుతో బేరమాడే శక్తి మొత్తం పైకి పోయింది.

2019 ఫిబ్రవరి నుండి టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త ధరల విధానం వచ్చింది. ఇష్టమైన ఛానల్‌ను విడిగా కొనుక్కోవచ్చని టీవీలో ప్రకటనలు వచ్చాయి. నిజంగా విడివిడిగా ఎంచుకున్నవాళ్ళు నా కనెక్షన్లలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఎందుకంటే, ఒక పెద్ద సంస్థ తన పేరున్న తెలుగు ఛానల్‌ను విడిగా ఇచ్చే ధర, దాన్ని ఇంకో పది ఛానళ్ళతో కలిపి కట్టగా ఇచ్చే ధర దగ్గర దగ్గరగా ఉంటాయి. ముసలమ్మకు కావలసింది ఒక్క సీరియల్ ఛానల్. ఆమె డబ్బు కట్టేది పదకొండింటికి.

2023 ఫిబ్రవరిలో శివరాత్రి రోజుల్లో జరిగింది చెబుతాను. కొత్త ధరల ఒప్పందం మీద సంతకం చేయలేదని కొన్ని పెద్ద ప్రసార సంస్థలు మా పైనున్న పంపిణీ సంస్థకు సిగ్నల్ ఆపేశాయి. జాగారం చేసే ఇళ్ళలో రాత్రంతా టీవీ పెట్టుకునే అలవాటు ఉంటుంది. అర్ధరాత్రి దాకా నా ఫోన్ మోగుతూనే ఉంది. ఆ తగాదా ఢిల్లీలో, ముంబయిలో ఉన్న కంపెనీల మధ్యది. తిట్లు తిన్నది తీగ లాగే మా కుర్రవాళ్ళు. వారం గడిచాక పైవాళ్ళు రాజీపడ్డారు, మళ్ళీ బొమ్మ వచ్చింది. ఆ వారంలో పదిహేడు ఇళ్ళు కేబుల్ మానేసి వేరే దారి చూసుకున్నాయి. వాటిలో సగం ఇళ్ళు ఈనాటికీ తిరిగి రాలేదు.

పెద్ద సంస్థ ప్రభావం అంటే ఏమిటని అడిగితే, మీట నొక్కితే ఉప్పుగూడలో చీకటి పడటం అని నేను చెబుతాను.

---

విద్యార్థి_ఓయూ
ఆదివారం, మధ్యాహ్నం 2:15

ఉప్పుగూడ గారి మాట చదివి చాలా నేర్చుకున్నాను. నేను జర్నలిజం రెండో సంవత్సరంలో ఉన్నాను. నాకొక సందేహం. ఇంత పెద్ద ప్రపంచ సంస్థ అయిన డిస్నీ, మన దేశంలో వ్యాపారాన్ని రిలయన్స్‌తో ఎందుకు కలుపుకోవలసి వచ్చింది? దాని చేతుల్లో అంత బలం ఉంటే, పెద్ద వాటాను వదులుకోవలసిన అవసరమేమిటి?

---

తార్నాక_వాణిజ్యశాస్త్రం
ఆదివారం, రాత్రి 8:20

మంచి ప్రశ్న వేశారు. దీనికి జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే క్రికెట్. కాని ఆ ఒక్క మాటను విప్పి చూడాలి.

2017 సెప్టెంబరులో స్టార్ ఐదేళ్ళ ఐపీఎల్ హక్కులను టీవీకి, ఇంటర్నెట్‌కు కలిపి 16,347.5 కోట్ల రూపాయలకు కొన్నది. అప్పటికి అది దిమ్మతిరిగే మొత్తం. 2022లో మళ్ళీ వేలం జరిగినప్పుడు హక్కులను విడగొట్టారు. 2023 నుండి 2027 వరకు మొత్తం విలువ 48,390 కోట్లకు చేరింది. అందులో మన ఉపఖండపు టీవీ హక్కులు 23,575 కోట్లకు డిస్నీ స్టార్‌కు దక్కగా, డిజిటల్ హక్కులు వయాకామ్18కు వెళ్ళాయి. వయాకామ్18 ఆ మ్యాచ్‌లను తన యాప్ జియోసినిమాలో ఉచితంగా చూపింది. డిస్నీ యాప్ అయిన డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ చందాదారులు 2022 సెప్టెంబరులో 6.13 కోట్లు ఉండగా, ఏడాది తిరిగేసరికి 3.76 కోట్లకు పడిపోయారు. 2023 నవంబరు 19న ప్రపంచకప్ ఫైనల్‌ను ఉచితంగా చూపినప్పుడు ఒకే సమయంలో 5.9 కోట్ల మంది హాట్‌స్టార్‌లో ఉన్నారు. చూసే జనం ఉన్నారు, డబ్బు కట్టే జనం లేరు. ఉచితంగా ఇవ్వగల స్తోమత చమురు, టెలికాం ఆదాయం వెనుక ఉన్న సంస్థకే ఎక్కువ.

అందువల్ల 2024 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. కలిసిన సంస్థ విలువను 70,352 కోట్లుగా లెక్కకట్టారు, రిలయన్స్ 11,500 కోట్లు పెట్టింది, నేరుగా 16.34 శాతం రిలయన్స్‌కు, 46.82 శాతం వయాకామ్18కు, 36.84 శాతం డిస్నీకి వచ్చాయి. వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటిషన్ కమిషన్ ఆగస్టు 28న అనుమతి ఇస్తూ, కొన్ని ఛానళ్ళను వదులుకోవడం, క్రికెట్‌లో టీవీ, ఇంటర్నెట్ ప్రకటనల సమయాన్ని ఒకే మూటగా అమ్మకపోవడం వంటి హామీలను నమోదు చేసింది. 2025 ఫిబ్రవరి 14న రెండు యాప్‌లు కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి.

చందాదారులు అటు ఇటు పరుగెత్తిన ఆ రెండేళ్ళూ ప్రేక్షకునికి నిజమైన పోటీ ఉన్న కాలం, అది ముగిసింది. ఇప్పుడు ఐపీఎల్ టీవీలో చూసినా, ఫోన్‌లో చూసినా ఒకే గుమ్మం ముందు నిలబడాలి. హైదరాబాద్ జట్టు ఉప్పల్‌లో ఆడుతున్నప్పుడు, స్టేడియం పక్క వీధిలో ఉన్నవారికి కేరింతలు చెవులతో వినిపిస్తాయి గాని, బొమ్మ కావాలంటే ముంబయి నుండే రావాలి.

---

నారాయణగూడ_న్యాయవాది
ఆదివారం, రాత్రి 9:00

తార్నాక మాస్టారికి చిన్న చేర్పు. జాతీయ ప్రాముఖ్యం ఉన్న మ్యాచ్‌ల సిగ్నల్‌ను దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతికి పంచి తీరాలని 2007లో చట్టం చేశారు. కాని ఆ పంచిన సిగ్నల్‌ను దూరదర్శన్ తన యాంటెనా ప్రసారంలోనూ, ఫ్రీ డిష్‌లోనూ మాత్రమే చూపాలి, కేబుల్ వారికి ఇవ్వకూడదని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. హక్కులు కొన్నవారి పెట్టుబడిని కాపాడటం ఆ తీర్పు ఉద్దేశం. ఫలితంగా ఉప్పుగూడ వంటి చోట కేబుల్ మీద ఆధారపడిన ఇంటికి ఆ 2007 చట్టం వల్ల ఒరిగింది చాలా తక్కువ.

---

గళం_కృష్ణానగర్
సోమవారం, ఉదయం 6:50

నేను డబ్బింగ్ కళాకారిణిని. ఇరవై ఏళ్ళుగా కృష్ణానగర్‌లో ఉంటున్నాను. చదువరి గారు అడిగిన ప్రశ్నకు, అంటే వినోదం మనిషి ఆలోచనను మలుస్తుందా లేదా అన్నదానికి, నేను చేసే పనిలోంచే జవాబు చెప్పగలను.

2019లో స్టార్ సంస్థకు చెందిన బెంగాలీ ఛానల్ స్టార్ జల్సాలో 'శ్రీమయి' అనే ధారావాహిక మొదలైంది. ఇంటిల్లిపాదికీ చాకిరీ చేస్తూ, భర్త, పిల్లల చేత చులకన అయ్యే ఒక గృహిణి కథ అది. ఆ కథే 2020లో స్టార్ మాలో 'ఇంటింటి గృహలక్ష్మి' అయింది. ఆ కథే హిందీలో స్టార్ ప్లస్‌లో, తమిళంలో స్టార్ విజయ్‌లో, మలయాళంలో ఏషియానెట్‌లో, మరాఠీలో స్టార్ ప్రవాహ్‌లో వచ్చింది. అన్నీ ఆ ఒక్క యాజమాన్యం కింది ఛానళ్ళే. దాదాపు ఒకే కాలంలో ఆరు భాషల ఇళ్ళలో ఒకే గృహిణి ఒకే మగవాని చేతిలో ఒకే విధంగా మోసపోయిందంటే, ఆ కథ చెడ్డదని నేను అనడం లేదు. మా అమ్మ ఆ ధారావాహిక చూసి కన్నీళ్ళు పెట్టుకుంది, తన జీవితంలో ఎన్నడూ చెప్పుకోని మాటలు నాతో చెప్పుకుంది. కథకు ఆ శక్తి ఉన్నది కాబట్టే, అది ఎవరి చేతిలో ఉందన్నది ముఖ్యం అంటున్నాను.

ఇక్కడ పని ఎలా జరుగుతుందో చెబుతాను. అలాంటి కథల్లో నాయిక వేషం వేసే అమ్మాయిలు చాలామంది కర్ణాటక నుండి వస్తారు, వారికి తెలుగు రాదు. వారు కెమెరా ముందు పెదవులు కదిపితే, రెండు రోజుల తరువాత మేము ఒక గదిలో చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ కదలికకు మాట అతికిస్తాం. పనిచేసే గది గుమ్మం కంటే పెద్దగా ఉండదు, ఏసీ శబ్దం మైకులో పడుతుందని దాన్ని ఆపేస్తారు. మే నెలలో చెమటలు కక్కుతూ ఏడుపు సన్నివేశం చెప్పాలి. ముఖం బెంగళూరుది, కథ కలకత్తాది, యజమాని ముంబయి, గొంతు కృష్ణానగర్‌ది. ఆ గొంతుకు తెర మీద పేరు పడటం చాలా అరుదు.

ఒక ఛానల్ పేరు చెప్పదలచుకోలేదు. దాని ధారావాహికలో ఏడాదిన్నర పాటు నాయికకు నేను గొంతునిచ్చాను. యాజమాన్యం మారిన తరువాత ఒక రోజు, ఖర్చు తగ్గించాలని ముంబయి నుండి ఆదేశం వచ్చిందని చెప్పి, తక్కువకు చెప్పే మరొకరిని పెట్టుకున్నారు. చూసేవారిలో కొందరు గుర్తుపట్టారు. మా వీధిలో కూరగాయలమ్మే పెద్దమ్మ, 'ఆ పిల్లకు జలుబు చేసిందా, గొంతు మారింది' అని నన్నే అడిగింది. ఆ ఆదేశం ఇచ్చినవారు ఆ ధారావాహికను ఒక్క రోజైనా తెలుగులో విని ఉంటారని నేను అనుకోను.

---

మాదాపూర్_బాటసారి
సోమవారం, మధ్యాహ్నం 12:40

గళం గారి బాధ నిజమైనది, దానికి నేను అడ్డుచెప్పను. కాని చర్చ ఒకే వైపు సాగుతున్నట్టు అనిపించి, రెండో వైపు రాయాలనుకున్నాను. నేను ఇలాంటి ఒక బహుళజాతి మీడియా సంస్థ సాంకేతిక కేంద్రంలో పనిచేస్తున్నాను. వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ 2023లో తన కేంద్రాన్ని హైదరాబాద్‌లో పెడుతున్నట్టు ప్రకటించినప్పుడు మొదటి ఏడాదిలోనే 1,200 ఉద్యోగాలు వస్తాయని చెప్పారు. మన పిల్లలు చేసిన పని ఈనాడు ప్రపంచమంతా చూసే తెరల వెనుక ఉంది.

రెండోది, విదేశీ పెట్టుబడి రాకముందు తెలుగు తెర ధర్మకర్తల చేతిలో ఏమైనా ఉన్నదా? 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం తొమ్మిది నెలల్లో అధికారంలోకి రావడంలో 'ఈనాడు' పాత్ర గురించి నేటికీ మాట్లాడుకుంటాం. 2008లో 'సాక్షి' ఎవరి కుటుంబం నుండి వచ్చిందో అందరికీ తెలుసు. మన వార్తా ఛానళ్ళు ఎవరి వైపు మొగ్గుతాయో, ఛానల్ పేరు చెబితే చిన్నపిల్లలూ చెబుతారు. వీటిలో ఒక్కటీ మర్డోక్‌ది కాదు. అసలు ప్రభావం మన ఇంటి యజమానులదే అయినప్పుడు, దూరాన ఉన్నవారిని తప్పుపట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. పైగా మా టీవీని అమ్మినవారు మనవారే. ఎవరూ మెడ మీద కత్తి పెట్టి కొనలేదు.

---

చిక్కడపల్లి_చదువరి
సోమవారం, సాయంత్రం 6:10

బాటసారి గారు చెప్పిన స్థానిక యజమానుల సంగతిని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. నేను పనిచేసిన పత్రికలోనూ ఏ వార్త మొదటి పేజీకి ఎక్కుతుందో, ఏది లోపలి పేజీలో మూలకు పోతుందో మాకు చెప్పకుండానే తెలిసిపోయేది. ఆ సంగతిని దాచి, ప్రపంచ సంస్థల మీద మాత్రమే వేలెత్తితే నాకు నేనే అబద్ధం చెప్పుకున్నట్టు అవుతుంది.

కాని తేడా ఒకటి ఉంది. స్థానిక యజమాని ఎవరి పక్షమో పాఠకునికి తెలుసు, అందుకే రెండు పత్రికలు పక్కపక్కన పెట్టి చదివే అలవాటు మన చాయ్ హోటళ్ళలో కూడా ఉన్నది. ప్రపంచ సంస్థకు పక్షం ఉండదు, ప్రయోజనం ఉంటుంది. ఆ ప్రయోజనం దేశానికొక రూపం వేస్తుంది. బ్రిటన్‌లో 1992 ఎన్నికల్లో కన్సర్వేటివ్‌లు గెలిచిన తరువాత, గెలిపించింది తామేనని 'సన్' పత్రిక మొదటి పేజీలో చాటుకుంది. ఐదేళ్ళకు, 1997లో, అదే పత్రిక లేబర్ నాయకుడు టోనీ బ్లెయిర్‌ను బలపరిచింది. ఈ లోగా 1995లో బ్లెయిర్ మర్డోక్ సంస్థ సమావేశంలో ప్రసంగించడానికి ఆస్ట్రేలియా దాకా విమానమెక్కి వెళ్ళారు. దేశాన్ని ఏలబోయే మనిషి పత్రికా యజమాని ఉన్నచోటికి వెళ్ళడాన్ని నేను ఆ రోజు మూడు అంగుళాల వార్తగా వేశాను. ఈనాడైతే దానికి పేజీలో సగం ఇచ్చేవాణ్ణి.

చైనా విషయం మరీ గమనించదగినది. 1993లో స్టార్ కొన్న కొద్ది వారాలకే, కొత్త సమాచార సాధనాలు నిరంకుశ ప్రభుత్వాలకు ముప్పు అని మర్డోక్ ఒక ప్రసంగంలో అన్నారు. చైనా వెంటనే సొంత డిష్‌ల మీద ఆంక్షలు పెట్టింది. మరుసటి ఏడాది, 1994లో, చైనా మీదికి వెళ్ళే స్టార్ ఉపగ్రహ ప్రసారంలోంచి బీబీసీ వార్తా ఛానల్‌ను తీసేశారు. నిరంకుశత్వానికి ముప్పు అవుతుందన్న సాధనమే నిరంకుశత్వానికి తలవంచింది, ఎందుకంటే అక్కడ కోట్ల ఇళ్ళ బజారు ఉన్నది. అక్కడ బీబీసీ పోయిందంటే రేపు ఇక్కడ ఏది పోతుందో, పోయినట్టు మనకు తెలుస్తుందో లేదో అన్నది నా భయం.

ఆ సంస్థ లోపల ఏమి జరిగిందో 2011లో బయటపడింది. హత్యకు గురైన బాలిక సెల్‌ఫోన్ సందేశాలను సైతం 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్' విలేకరులు దొంగతనంగా విన్నారని తేలినప్పుడు, 168 ఏళ్ళ చరిత్ర ఉన్న ఆ పత్రికను మూసేయవలసి వచ్చింది. నా వృత్తిలో నేను అంతగా సిగ్గుపడిన రోజు మరొకటి లేదు. అమెరికాలో 2020 ఎన్నికల గురించి అబద్ధాలు ప్రసారం చేసినందుకు డొమినియన్ అనే ఓటింగ్ యంత్రాల సంస్థ వేసిన దావాలో, 2023 ఏప్రిల్‌లో మర్డోక్ వార్తా ఛానల్ ఫాక్స్ న్యూస్ 78.75 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది.

మా టీవీని అమ్మినవారు మనవారేనన్నది నిజం, ఆ మాట నేను కాదనను.

---

తార్నాక_వాణిజ్యశాస్త్రం
సోమవారం, రాత్రి 9:30

చదువరి గారి చైనా ఉదాహరణకు కొనసాగింపుగా ఒక మాట. సంస్థ ఎంత పెద్దదైతే అంత స్వతంత్రంగా ఉంటుందని మనం అనుకుంటాం. నా దృష్టిలో దీనికి విరుద్ధంగా జరుగుతోంది. పెద్ద సంస్థకు ఎప్పుడూ ఏదో ఒక అనుమతి కావాలి, ఒక విలీనమో, ఒక లైసెన్సో ప్రభుత్వం బల్ల మీద ఉంటుంది. 2024 డిసెంబరులో డిస్నీకి చెందిన అమెరికా టీవీ సంస్థ ఏబీసీ, డొనాల్డ్ ట్రంప్ వేసిన పరువునష్టం దావాను 1.5 కోట్ల డాలర్ల విరాళంతో పరిష్కరించుకుంది. 2025 జూలైలో మరో పెద్ద మీడియా సంస్థ పారమౌంట్ 1.6 కోట్ల డాలర్లకు ఆయనతోనే రాజీపడింది, ఆ నెలలోనే స్కైడాన్స్ అనే సంస్థతో విలీనానికి దానికి అనుమతి వచ్చింది. 2025 సెప్టెంబరులో అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ అధిపతి బహిరంగంగా హెచ్చరించిన రోజునే ఏబీసీ తన రాత్రి కార్యక్రమ వ్యాఖ్యాత జిమ్మీ కిమ్మెల్‌ను ఆపేసి, జనం నిరసన తెలిపాక వారం లోపు తిరిగి తీసుకువచ్చింది.

ఒక చిన్న పత్రిక సంపాదకుడు జైలుకు పోవడానికైనా సిద్ధపడవచ్చు. కలిసేనాటికే వందకు పైగా ఛానళ్ళు, ఏటా 26,000 కోట్ల రూపాయల దాకా ఆదాయం ఉన్న జియోస్టార్ వంటి సంస్థ వాటాదారులను తన వెంట జైలుకు తీసుకుపోలేదు. అందుకే నేను యజమాని విదేశీయుడా, స్వదేశీయుడా అన్నదాని కంటే, ఒక్కచోట ఎంత పోగుపడిందన్నదే అడుగుతాను.

---

విద్యార్థి_ఓయూ
సోమవారం, రాత్రి 9:55

అయితే మాస్టారూ, ఒక్కచోట ఎంత పోగుపడాలన్న దానికి మన దేశంలో హద్దు లేదా?

---

నారాయణగూడ_న్యాయవాది
సోమవారం, రాత్రి 10:40

పోటీ చట్టం ఉన్నది గాని, మీడియాకు ప్రత్యేకించి పత్రిక, టీవీ, పంపిణీ అన్నీ ఒకే చేతిలో ఉండకుండా చూసే చట్టం లేదు. ట్రాయ్ 2009లో ఒకసారి, 2014 ఆగస్టులో మరింత వివరంగా మరోసారి దీనిపై సిఫార్సులు పంపింది. రెండోసారి, ఒక భాషా ప్రాంతంలో పత్రికల్లో, టీవీలో వార్తల వాటా ఒకే సంస్థ చేతిలో ఎంతవరకు పోగుపడవచ్చో కొలిచే పద్ధతిని కూడా సూచించింది. రాజకీయ పార్టీలు, ప్రభుత్వ సంస్థలు ప్రసార రంగంలోకి రాకూడదన్నది. ఆ సిఫార్సులు అమలుకు నోచుకోలేదు.

ఒక భాషా ప్రాంతం అన్న మాటను ప్రత్యేకంగా గమనించమని కోరుతున్నాను. దేశం మొత్తాన్ని కొలిస్తే ఏ సంస్థ వాటా అయినా చిన్నదిగా కనిపిస్తుంది. తెలుగును విడిగా కొలిస్తే చిత్రం మారుతుంది. స్టార్ మా ఎవరిదో చూశాం. 2012లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఈటీవీలో 24.5 శాతం వాటా రిలయన్స్ వైపున్న టీవీ18కు వెళ్ళింది. మన సాయంత్రపు కాలక్షేపంలో రెండు పెద్ద పేర్లు, ఒకటి సగానికి పైగా, మరొకటి పావు వంతు దాకా, ఒకే ఇంటి దిక్కు చూస్తున్నాయి.

---

కేబుల్_ఉప్పుగూడ
మంగళవారం, ఉదయం 8:15

న్యాయవాది గారు చెప్పిన ఈటీవీ సంగతి నాకు నిన్నటి దాకా తెలియదు. ముప్పై ఏళ్ళుగా ఆ ఛానల్‌ను ఇంటింటికీ చేర్చినవాణ్ణి. చదువరి గారూ, మీ బిల్లులోని ఛానళ్ళ జాబితా నాకు పంపండి. ఒక్కొక్కదాని పక్కన అది ఏ కంపెనీదో రాసి, మా వినియోగదారులకు ఇచ్చే రసీదు వెనుక అచ్చు వేయిస్తాను. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

---

చిక్కడపల్లి_చదువరి
మంగళవారం, ఉదయం 8:50

ఇప్పుడే పంపుతున్నాను. అచ్చుకు ఇచ్చే ముందు ప్రూఫ్ నేను చూస్తాను, ఆ పని నాకు వదిలిపెట్టండి. గళం గారూ, మీకొక ప్రశ్న. కలకత్తా కథ తెలుగులోకి వచ్చేటప్పుడు మీ గదిలో ఏమైనా మార్చగలరా, లేక అక్షరం కదపకూడదా?

---

గళం_కృష్ణానగర్
మంగళవారం, రాత్రి 11:20

పెద్ద మార్పులు మా చేతిలో లేవు. చిన్నవి ఉన్నాయి. ఒకసారి కొత్త కోడలు గడపలో అడుగుపెట్టే సన్నివేశానికి సంభాషణ కాగితం వచ్చింది. తెర మీద అత్తగారు హారతి పళ్ళెం పట్టుకుని నిలబడింది, చేతిలో కాగితం మీద మాత్రం శంఖం ఊదమని పక్కవారికి చెబుతోంది. అది బెంగాల్ ఇంటి ఆచారం. అనువదించినవారు చూసుకోలేదు. పెదవుల కదలికకు సరిపోయేలా, 'కుడికాలు ముందు పెట్టమ్మా' అని నేను చెబుతానన్నాను. దర్శకుడు ఒప్పుకున్నాడు, కాని కాగితం మీద లేని మాటకు పైనుండి ఒప్పుదల రావాలన్నారు. ముంబయికి మెయిల్ పెట్టారు. ఆ భాగం గురువారం ప్రసారం కావాలి, బుధవారం మధ్యాహ్నం దాకా జవాబు రాలేదు. ఇంజినీరు గడియారం చూసి, 'అక్కా, చెప్పేయండి' అన్నాడు. చెప్పేశాను. అదే ప్రసారమైంది.